నియాన్ కప్పు కింద పెళ్లిచూపులు

మొన్న మా అమ్మాయి నన్నొక కొత్త కాఫీ షాపుకు తీసుకెళ్లింది. గోడమీద గులాబీరంగులో వంకరటింకర అక్షరాలు వెలుగుతున్నాయి. "చూడు మమ్మీ, నియాన్! సో రెట్రో లా!" అంటూ, సింగపూర్ పిల్లలందరిలాగే మాట చివర 'లా' తగిలించి, ఫోటో తీసుకుంది. నేను లేచి దగ్గరికెళ్లి చూశాను. ప్లాస్టిక్ గొట్టం. లోపల బియ్యపు గింజలంతేసి ఎల్‌ఈడీ బల్బులు. ముట్టుకుంటే చల్లగా ఉంది, చెవి ఆనిస్తే చప్పుడు లేదు. ఇది నియాన్ ఏమిటే నా మొహం అన్నాను. నియాన్ అంటే గాజు. గాజుగొట్టాన్ని మంట మీద వంచి బొమ్మ చేస్తారు. అది జుయ్‌మని మోగుతుంది, దాని కింద కూర్చున్నవాడికి ఆ మోత రాత్రి పడుకున్నాక కూడా వినిపిస్తుంది. "ఓకే లా మమ్మీ, చిల్" అని అది తన కేకు తినడంలో పడింది. పక్క బల్లవాళ్లు తలతిప్పి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

నియాన్ గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉద్యోగానికి సింగపూర్ వచ్చిన కొత్తలో నేను ఒక నియాన్ కాఫీకప్పు కిందే అన్నం తిన్నాను. నా బతుకు తేలింది కూడా దాని కిందే.

అప్పుడు క్లెమెంటికి కాస్త అవతల, పెద్ద రోడ్డు పక్కన, పాత రెండంతస్తుల షాపుల వరస ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు, అక్కడ అద్దాల కాండో అపార్ట్‌మెంటు లేచింది. ఆ వరస చివర మా కప్పు కొట్టు. కొట్టుకు పేరు లేదు. అంతకుముందు అక్కడ కాఫీ అమ్మిన చైనా ముసలాయన ఎప్పుడో పెట్టించిన నియాన్ బొమ్మే పేరు. ఎర్రటి కప్పు, కింద సాసరు, పైన మూడు ఆవిరి తీగలు. ఆ తీగలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగితే ఆవిరి పైకి పోతున్నట్టు కనిపించాలి. మధ్య తీగ ఏనాడో చచ్చిపోయింది. అందుకని ఆవిరి కుంటుకుంటూ పైకి పోయేది. షిప్‌యార్డు నుంచి మనుషుల్ని ఎక్కించుకుని వచ్చే లారీలకు, మాలాంటి బస్సు జనానికి, అదే గుర్తు. "ఎక్కడ కలుద్దాం?" అంటే "కప్పు దగ్గర" అనేవాళ్లం.

కొట్టు నడిపేది ఒక అంకుల్, ఆంటీ. ఇద్దరూ మలేషియాలో కొబ్బరితోటల్లో పుట్టిన తెలుగువాళ్లు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆంటీ నోట్లో ఆ తాతల తెలుగే ఉండేది, మధ్యమధ్యలో అరవమూ మలాయీ కలిపి. "ఏటమ్మా, మకాన్ అయిందా? అవలేదా? అలమాక్! ఇలగొచ్చి కూకో" అనేది. మకాన్ అంటే భోజనం, అలమాక్ అంటే అయ్యబాబోయ్. అంకుల్ అసలు మాట్లాడేవాడు కాదు. ఆయన తరఫున కూడా ఆవిడే మాట్లాడేది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని లోకం వణికిపోతున్న రోజులవి. ఆ వణుకు మా పాలిట వరమైంది. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష చదివిన ప్రతివాడికీ వీసా, విమానం టిక్కెట్టు. హైదరాబాదులో ఒక ఇరుకు గదిలో ఆర్నెల్లు నేర్చుకున్న ముక్కతో నేనూ వచ్చిపడ్డాను. నలుగురు ఆడపిల్లలం క్లెమెంటిలో ఒక ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఇంటావిడ మంచిదే గానీ వంట మాత్రం వద్దంది. నీళ్లు కాచుకోవచ్చు, మ్యాగీ చేసుకోవచ్చు, అంతే. ఒకరోజు మాలో ఒకామె ఉండబట్టలేక మిరపకాయలతో తాళింపు వేసింది. ఇంటావిడ దగ్గుతూ వచ్చి, ఈసారి ఫైరింజన్‌నే పిలుస్తానని చెప్పి వెళ్లింది. ఆ రోజు నుంచి మాకు కప్పు కొట్టే వంటిల్లు.

మొదటిరోజే పరువు పోగొట్టుకున్నాను. వెళ్లేసరికి ఒక్క బల్ల ఖాళీగా ఉంది, దానిమీద టిష్యూ ప్యాకెట్ ఉంది. అబ్బ, ఎంత మర్యాద, చేతులు తుడుచుకోవడానికి ముందే పెట్టారు అనుకుని, ప్యాకెట్ విప్పి మొహం, మెడ శుభ్రంగా తుడుచుకుని కూర్చున్నాను. ఇంతలో ఒక పెద్దమనిషి పరోటా పళ్లెంతో వచ్చి నన్నూ ప్యాకెట్‌నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు. ఆంటీ పరుగున వచ్చింది. "అది చోప్ అమ్మా! టిష్యూ పెట్టీసినారంటే జాగా వాళ్లదన్నమాట. లే, లే." మన దగ్గర బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ విసిరినట్టే కదా అన్నాను. అవునన్నట్టు ఆవిడ కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వుతో మా ఇద్దరికీ కుదిరింది.

వారమంతా ఆ కొట్టులో తోసై అని వాళ్లు పిలిచే దోసె, పరోటా, లాగి లాగి నురగ తెప్పించిన టీ. ఆదివారం మధ్యాహ్నం మాత్రం తెలుగు అన్నం. పప్పుచారు, చేపల పులుసు, వెనకసందులో రంగు డబ్బాల్లో ఆంటీ పెంచిన గోంగూర. వారమంతా మెడలో కంపెనీ కార్డులతో తిరిగే మేమూ, సెలవురోజు తెల్లచొక్కాలు ఇస్త్రీ చేసుకుని వచ్చిన కరీంనగర్, విజయనగరం మేస్త్రీలూ ఒకే బల్లమీద మోచేతులు తగిలేలా కూర్చుని తినేవాళ్లం. "పులుసు ఇంకింత పొయ్యమ్మా" అని ఒకరు, "కొంచెం వెయ్యండి ఆంటీ" అని ఇంకొకరు. ఇంత పెద్ద ఊళ్లో నన్ను "తిన్నావా" అని తెలుగులో అడిగే చోటు అదొక్కటే ఉండేది. దానికోసం వానలో కూడా బస్సు దిగి పరిగెత్తేదాన్ని.

కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైంది కప్పు వెలిగే వేళ.

సాయంత్రం ఏడు కావస్తుండగా అంకుల్ పొయ్యి దగ్గర పని ఆపేవాడు. చేతులూ కాళ్లూ కడుక్కుని, భుజంమీది తువ్వాలుతో తుడుచుకుని, గల్లాపెట్టె పక్క గోడకున్న ఇనప పెట్టె తలుపు తీసి అందులోని పిడి పైకి లాగేవాడు. బయట గాజుగొట్టాలు రెండుమూడుసార్లు గుటకలు మింగి, మినుక్కుమని, చివరికి ఒక్కసారి ఎర్రగా వెలిగేవి. కొట్టులో ఉన్న తెలుగువాళ్లందరం తినడం ఆపి దణ్ణం పెట్టుకునేవాళ్లం. ఎంగిలి చేతులవాళ్లు ఎడంచేత్తో నుదురు తాకేవారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. సందెదీపం వెలిగితే చెయ్యి దానంతట అదే లేస్తుంది కదా, అది నూనెదీపమా కరెంటుదా అని చూసుకోదు. రోజూ వచ్చే ఒక టాక్సీ డ్రైవరు ఇది చూసి చూసి, మీ దేవుడు కప్పులో ఉంటాడా అని ఆంటీని ఇంగ్లీషులో అడిగాడు. వెలుగులో ఉంటాడు లా అని ఆవిడ తేల్చేసింది.

ఆ కప్పు విషయంలో ఆవిడ పట్టింపులు ఇన్నీ అన్నీ కావు. "ఆర్పెయ్" అన్నమాట కొట్టులో వినపడకూడదు. రాత్రి కొట్టు కట్టేశాక, "దీపం కొండెక్కించండి" అని అంకుల్‌తో చెప్పేది. సందెవేళ మాత్రం ఆకాశం విరిగి పడినా ఆ పిడి దించకూడదు. లక్ష్మి గడప దాకా వచ్చి, దీపం లేక వెనక్కి పోతుందట. ఒకసారి గాలివానకు కరెంటు పోతే, ఆవిడ తడుస్తూనే వెళ్లి చచ్చిన కప్పు కింద ఒక ప్రమిద వెలిగించి పెట్టి వచ్చింది.

ఇక నా సంగతి చెప్పాలి. నేను నలుపు. ఈ చిన్నమాట అనడానికి మావాళ్లకు ఎన్ని మాటలు కావలసి వచ్చేవో! చామనఛాయ, కాస్త రంగు తక్కువ, కళగల మొహం. నలుపు నారాయణుడు మెచ్చు అనేది మా నాయనమ్మ. మెచ్చితే మెచ్చాడులే, సంబంధం తెచ్చేది ఆయన కాదుగా అనేదాన్ని. నేను దేశం వదలకముందే రెండు సంబంధాలు వచ్చి, కాఫీ తాగి, జాతకాలు కలవలేదని వెళ్లిపోయాయి. జాతకాలు వచ్చేముందే చూసుకున్నారని మాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది.

బెడోక్‌లో ఉండే ఒకబ్బాయి ఆదివారాలు కప్పు కొట్టుకు వచ్చేవాడు. అతనూ కోబాల్ బాపతే. ద్వీపం ఆ కొస నుంచి ఈ కొసకు చేపల పులుసు కోసం వస్తున్నానని చెప్పేవాడు. కొన్నాళ్లకు పులుసు అయిపోయాక కూడా కూర్చునేవాడు. నేను మా మేనేజర్ని తిడుతుంటే పగలబడి నవ్వేవాడు. నా కోపానికి భయపడకుండా నవ్వినవాడు నాకు అతనొక్కడే కనపడ్డాడు. ఒకరోజు బస్టాపు దగ్గర, "నాకు నువ్వంటే ఇష్టం. కానీ మా అమ్మ సరే అనాలి. అమ్మని కాదని నేను ఏదీ చెయ్యలేను. ముందే చెబుతున్నా" అన్నాడు. ముందే చెప్పినందుకు కోపం రాలేదు. కానీ ఆ క్షణం నుంచి నేను ఎన్నడూ చూడని ఒక మనిషి 'సరే' కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఆ సంబంధం కావాలని నాకు అంతగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు గానీ ఉండేది.

వాళ్లమ్మ గోదావరి జిల్లా నుంచి కొడుకు దగ్గర నెలరోజులు ఉండటానికి వచ్చింది. మా నాన్న ఆంటీకి ఫోన్ చేసి, "మేం రాలేం. పెద్దదిక్కుగా మీరే నిలబడాలమ్మా" అన్నాడు. ఆంటీ ఆ మాటకు కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ క్షణం నుంచీ నాకు అమ్మా, అత్తా, పెత్తనం అన్నీ అయిపోయింది.

ఆదివారం నాలుగింటికి అనుకున్నాం. ఆంటీ మార్చేసింది. "ఆదివారం నాలుగున్నర కాణ్నించి ఆరు దాకా రాహుకాలం. మాటల్లో ఉండగా వొచ్చీస్తాది. ఏడింటికి రమ్మను, సుబ్బరంగా సందెదీపం ఎలిగుంటాది." నాకు పంచాంగం ఏం తెలుసు, సరే అన్నాను. చీర ఎర్రదో, నారింజరంగుదో కట్టుకొమ్మంది. మా అమ్మ ఎవరిచేతో పంపిన ఆకుపచ్చ పట్టుచీర ఉండగా ఇంకోటి ఎందుకని నేను అదే కట్టుకుని వెళ్లాను. నన్ను చూడగానే ఆవిడ గుండెమీద చెయ్యి వేసుకుంది. "పచ్చదా! అలమాక్, చెప్పినాను కదమ్మా!" పెళ్లిచూపులకు ఆకుపచ్చకన్నా శుభం ఏముంది అన్నాను. ఆవిడ తల కొట్టుకుంటూ లోపలికి పోయింది.

బల్ల బయట వేసింది, వసారాలో, సరిగ్గా కప్పు కింద. మధ్యాహ్నం నుంచే ఒక్కో కుర్చీకి ఒక్కో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసింది. వసారాలో రెండు ట్యూబులైట్లు వెలగడం లేదు. "పోయినాయమ్మా, రేపు మార్చాల" అంది. నాకు హడావుడిలో అవేవీ పట్టలేదు. అంకుల్ ఆరోజు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. పొద్దు వాలగానే పిడి లాగాడు. కప్పు వెలిగింది. కాసేపటికి టాక్సీ వచ్చి ఆగింది.

అబ్బాయి వాళ్లమ్మ దిగి నేరుగా వచ్చి నా ఎదురుగా కూర్చుంది. సన్నగా, నిటారుగా, పెద్ద బొట్టుతో ఉంది. అబ్బాయి పక్కన కూర్చుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. ఆవిడ నన్ను తేరిపార చూసింది. మొహం విప్పారింది.

"ఎర్రగా, లక్షణంగా ఉందే పిల్ల! ఫోటోలో ఇంత రంగు లేదేంటిరా?" అంది కొడుకుతో.

నన్నేనా అని పక్కకు చూశాను. నా జన్మలో నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆంటీ గబగబా, "ఫోటోలు అలాగే తీస్తారమ్మా, చెత్తగా" అని జంతికల పళ్లెం ముందుకు తోసింది. కబుర్లు మొదలయ్యాయి. ఊరు, చదువు, ఉద్యోగం. ఆవిడ నవ్వుతూనే ఉంది, కానీ చూపు మాటిమాటికీ నా చీరమీదికి పోతోంది. చివరికి ఉండబట్టలేకపోయింది.

"ఒక్కటి అడుగుతానమ్మా, ఏవీ అనుకోకు. శుభమా అని పెళ్లిచూపులకి వస్తూ నల్లచీర కట్టుకున్నావేంటి?"

"నల్లచీర కాదండీ, ఆకుపచ్చ."

"ఆకుపచ్చా?" ఆవిడ నా కొంగు పట్టుకుని వేళ్లతో నలిపి, కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "నాకు చత్వారమే గానీ గుడ్డితనం లేదమ్మా. ఇది నలుపు."

"పచ్చేనమ్మా, పచ్చే!" అని ఆంటీ అడ్డం వచ్చింది. "ఈ లైటుకి అలగ కనబడతాది గానీ..."

అని నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆవిడ తలెత్తి కప్పును చూసింది. తర్వాత తన చేతిలోని నా కొంగును చూసింది. తర్వాత మెల్లగా నా మొహంలోకి చూసింది. లైటుకు చీర రంగు మారితే ఇంకేం మారతాయో ఆవిడ లెక్కవేసుకుంటోందని తెలుస్తూనే ఉంది.

నాకు అప్పుడు అన్నీ ఒక్కసారి తెలిసొచ్చాయి. రాహుకాలం, ఎర్రచీర, పోయిన ట్యూబులైట్లు. సందెచీకట్లో సరుకు అంటగట్టినట్టు నన్ను అంటగట్టబోయారు! అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు మూసుకుని కూర్చుంటే ఆ పూట గడిచేదేమో. ఏదో ఒకటి చెప్పి ఆంటీ సర్దేసేది. ఆ అబ్బాయి నావాడయ్యేవాడు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. వచ్చినా కూర్చోలేకపోయాను.

లేచి లోపలికి నడిచి, ఇనప పెట్టె తలుపు తీసి, పిడి కిందికి గుంజేశాను.

కప్పు ఆరిపోయింది. జుయ్‌మనే ఆ మోత ఆగిపోగానే కొట్టు మొత్తం చెవిటిదైనట్టు అయింది. తింటున్నవాళ్ల చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. "అయ్యో, అయ్యో! సందెదీపం! పెళ్లిమాటలప్పుడు!" అని ఆంటీ బయట కింద కూలబడింది. అంకుల్ నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు.  అంతా అయిపోయిందని నాకు తెలుసు. సగం ఏడుపు గొంతుతో, గట్టిగానే అన్నాను.

"మీరు లోపలికి రండమ్మా. ఇక్కడ తెల్లలైటు ఉంది. చీరా చూడండి, నన్నూ చూడండి. ఏది ఏ రంగో మీరే చెప్పండి."

అబ్బాయి తల్లి లేచింది. వసారా చీకట్లోంచి గడప దాటి ట్యూబులైటు కిందికి వచ్చి నిలబడింది. నన్ను చూసింది. నేనూ ఆవిణ్ణి చూశాను. 

ఆవిడ అచ్చం నా రంగు. ఇంకాస్త ఎక్కువే అనాలి. ఎర్రదీపం కింద కూర్చున్నది నేనొక్కదాన్నే కాదు కదా, ఆ సంగతి నాకు తట్టనే లేదు.

 ఆవిడ కొడుకువైపు తిరిగింది. "నువ్వు ఈ పిల్లని పగలు చూశావా?"

"చూశానమ్మా. చాలాసార్లు."

"మరి నాకెందుకురా ఈ ఎర్రలైటు?"

"తప్పు నాదేలెండమ్మా, నేనే..." అని ఆంటీ లేవబోయింది. అబ్బాయి ఆపాడు.

"కాదు. నేనే ఆంటీకి చెప్పానమ్మా, నువ్వు రంగు చూస్తావని. ప్రతి సంబంధానికీ ఎర్రటి పిల్లే కావాలన్నావు కదా. నలుపు అని తెలిస్తే వద్దంటావని భయమేసింది."

"నా రంగు పిల్లని నేను వద్దంటానని అనుకున్నావా?"

అతను తలొంచుకున్నాడు. నేను అతన్ని చూసిన చూపుకు పాపం అప్పటికే సగం చచ్చాడు. ఆవిడ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అనేదాన్నేరా" అంది. "అదే నా బాధ."

 తర్వాత ఆవిడే అంకుల్‌తో, "ముందు ఆ దీపం పెట్టండి అన్నయ్యగారూ, సందెవేళ" అంది. అంకుల్ చేతులు మళ్లీ కడుక్కుని పిడి లాగాడు. గాజుగొట్టాలు గుటకలు మింగి, మినుకుమినుకుమని, వెలిగాయి. అందరం దణ్ణం పెట్టుకున్నాం. ఆవిడా పెట్టుకుంది. కళ్లు తుడుచుకుని, ఎవరివైపూ చూడకుండా చెప్పింది.

"మాదాకా కరెంటు రాలేదప్పటికి. నన్ను చూడ్డానికొస్తే మా నాన్న చీకటి పడ్డాక రమ్మన్నాడు. లాంతరు వత్తి బాగా తగ్గించి, దూరంగా కూర్చోబెట్టారు. వత్తి పెంచండి, నన్ను సరిగ్గా చూసుకోమనండి అని ఎన్నిసార్లు అనుకున్నానో. నోరు రాలేదు. పెళ్లిపీటల మీద కూడా కాదు, కాపురానికొచ్చాక నా రంగు సరిగ్గా చూశారు. అప్పుడు మొదలైన దెప్పిపొడుపు ఇంకా ఆగలేదు." తర్వాత నాతో, "రేపు బెడోక్ రా అమ్మా. పొద్దున్నే రా" అంది. అవుననలేదు, కాదనలేదు. వాళ్లు టాక్సీ ఎక్కి వెళ్లిపోయారు.

ఆ పూట ఆంటీకీ నాకూ పెద్ద యుద్ధమే అయింది.

"నాతో ఒక్కమాట చెప్పుంటే పోయేదేమిటి?"

"చెప్తే నువ్వు కూకుంటావా?"

"చచ్చినా కూర్చోను."

"మరందుకే చెప్పలేదు! నువ్వు బాగుండాలనే కదా, నా తల్లీ!" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఇంక ఏం పోట్లాడతాను? ఇద్దరం కలిసి ఏడ్చాం. అంకుల్ రెండు గ్లాసుల టీ తెచ్చి మా ముందు పెట్టి వెళ్లిపోయాడు. బయట కప్పు మీద ఆవిరి ఎప్పటిలాగే కుంటుతోంది.

మర్నాడు ఆఫీసుకు ఒంట్లో బాగోలేదని చెప్పి ట్రైనెక్కాను. బెడోక్ దాకా దారంతా నా మీద నాకే కోపం. ఆ దీపం ఆర్పకుండా పక్కకు పిలిచి చెప్పలేకపోయానా అని ఒకసారి, ఆర్పి మంచిపని చేశానని ఇంకోసారి. తలుపు ఆవిడే తీసింది. ఇంట్లో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, తూర్పు ఎండ గది నిండా పడుతోంది. నన్ను కిటికీ పక్కనే కూర్చోబెట్టింది. కాఫీ ఇచ్చి తనూ నా పక్కనే, అదే ఎండలో కూర్చుంది. నా చెయ్యి తీసుకుని తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది.  అబ్బాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నీ సంగతి తర్వాత చెబుతా అన్నట్టు ఒక చూపు చూసి, ఆవిడవైపు తిరిగాను. 

ఆవిడ ఫోన్ దగ్గరికి లాక్కుని, కాలింగ్ కార్డు అంకెలు ఒక్కొక్కటే నొక్కి, ఊళ్లో ఉన్న భర్తకు చేసింది. "నేనేనండీ. ఆఁ, చూశాను పిల్లని. ఎలా ఉందేంటి, బాగుంది. నాకు నచ్చింది" అంది. నాకు కళ్లు మసకబారాయి. ఇంకా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. "రంగా? అచ్చం నా రంగు."

అవతల నుంచి మాట వినిపిస్తోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు. ఆవిడ వింటోంది. ఫోను తీగను వేలికి చుట్టుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఆ విన్న మాట ఆవిడకు కొత్తది కాదని మొహం చూస్తే తెలిసిపోయింది.

"అలాగా" అంది చివరికి. "అయితే ఇన్నేళ్లూ మీకు అన్నం వడ్డించిన చెయ్యి ఏ రంగనుకున్నారు?"

అని ఫోన్ పెట్టేసింది. నిమిషం తిరక్కుండానే అది మోగడం మొదలుపెట్టింది. అబ్బాయి గుమ్మంలోంచి ఒక్క అంగ వేశాడు.

"ముట్టుకోకు" అంది ఆవిడ. ఫోన్ మోగుతూనే ఉంది. ఆవిడ నా గ్లాసు నా చేతికి దగ్గరగా జరిపింది.

"మోగనీ అమ్మా. కాఫీ చల్లారిపోతోంది, తాగు."